చుట్ట, సిగార్ల నాణ్యత పరీక్ష: నేల నుంచి నుసి దాకా

మేలురకం సిగార్‌కైనా, గోదావరి లంక చుట్టకైనా విలువ కట్టేది నాలుక అని చాలామంది అనుకుంటారు. ఈ పరీక్షలో నాలుక వంతు చివరన వస్తుంది. ఆకు ఏ నేలలో పెరిగింది, ఏ నీళ్లు తాగింది, ఎన్నాళ్లు నీడన ఆరింది, కుప్పలో ఎంత వేడికి మగ్గింది, చుట్టిన చెయ్యి ఎంత బిగువు పట్టింది అన్న సంగతులన్నీ కంటికీ వేలికీ ముక్కుకూ ముందే కొంత తెలిసిపోతాయి. నిప్పు అంటించాక మిగిలినవి బయటపడతాయి. పరీక్షకుడు చేసేది ఆ జాడలను వరసగా చదవడం. అందుకే ఈ తీర్పు ఎవరి ఇష్టం వారిది అని కొట్టిపారేయదగ్గది కాదు; కారణాలు చూపి వాదించదగ్గది. వికారాబాద్, తాండూరు ప్రాంతం చుట్ట పొగాకుకు పేరుపడ్డ సీమ కాదు. అయినా ఈ విషయం రెండు కొసల్లోనూ అక్కడి సాక్ష్యం పనికొస్తుంది. నేల రుచిలోకి ఎలా దిగుతుందో తాండూరు కంది చూపిస్తుంది. పొగ మనిషిని ఏం చేస్తుందన్న ప్రశ్నను అనంతగిరి గుట్టల మీది క్షయ ఆసుపత్రి మన ముందు పెడుతుంది.

పొగాకు అమెరికా ఖండం మొక్క. పోర్చుగీసు ఓడల్లో పడమటి తీరానికి చేరి, అక్కడి నుంచి దక్కన్ సుల్తానుల రాజ్యాల్లోకి వచ్చింది. అక్బరు పాదుషా పనిమీద బీజాపూర్ వెళ్లిన అసద్ బేగ్, 1604 ప్రాంతంలో తిరిగి వస్తూ కొంత పొగాకునూ రత్నాలు పొదిగిన గొట్టాన్నీ వెంట తెచ్చి దర్బారులో పెట్టాడు. పాదుషా ఒకటి రెండు దమ్ములు లాగి చూశాడు. పక్కనున్న హకీము వద్దన్నాడు. రుచి చూడడమూ అభ్యంతరమూ ఒకే కొలువులో జరిగాయన్నమాట. తాండూరు నుంచి పడమరగా కలబురగి దాటి పోతే ఆ బీజాపూర్ వస్తుంది. మొగలు దర్బారు కంటే ముందే మన దక్కన్ ఈ ఆకును ఎరుగును. తెలుగు నేల మీద చుట్టకు ప్రసిద్ధి వచ్చింది మాత్రం కోస్తాలో, ముఖ్యంగా గోదావరి లంకల్లో. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి లంక చుట్ట పేరు లండన్ దాకా పాకింది. 1890లో వెలువడ్డ కానన్ డాయిల్ నవల ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో షెర్లాక్ హోమ్స్ బూడిదను బట్టి పొగాకు రకాన్ని గుర్తుపట్టవచ్చని చెబుతూ లంక చుట్టనూ తిరుచినాపల్లి చుట్టనూ పేరు పెట్టి ప్రస్తావిస్తాడు. 1897లో అచ్చయిన గురజాడ ‘కన్యాశుల్కం’లో గిరీశం చేతిలో చుట్ట లేకుండా ఆ పాత్రను ఊహించుకోలేం. హోమ్స్ కల్పిత పాత్రే కావచ్చు, కాని బూడిద గురించి అతను పట్టుకున్న సూత్రంలో నిజముంది.

ఆ సూత్రం నేలతో మొదలవుతుంది. పొగాకు మొక్క నేలలోని ఖనిజాలను ధారాళంగా పీల్చుకుంటుంది. ఎండిన ఆకు బరువులో బూడిద వంతు చాలా ఆహార పంటల కంటే ఎక్కువ. అందులో పొటాషియం బాగా ఉంటే నిప్పు ఆరకుండా, సమంగా పాకుతుంది. క్లోరిన్ ఎక్కువైతే ఆకు తేమను పట్టుకుని కూర్చుంటుంది, నిప్పు మధ్యలోనే చల్లారుతుంది, మళ్లీ మళ్లీ అగ్గిపుల్ల గీయాల్సి వస్తుంది. ఆకులో క్లోరిన్ 2 శాతం చేరితే ఎంత మంచి రకమైనా కాలడంలో దెబ్బతింటుంది. పొగాకు రైతుకు మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ వెయ్యవద్దని, సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వెయ్యమని చెప్పడానికి కారణం ఇదే: రెండింటిలోనూ పొటాష్ ఉంది, మొదటిదానిలో క్లోరిన్ కూడా ఉంది. ఉప్పునీటి బావి కింద పండిన ఆకు నమలడానికి పనికొస్తుంది, చుట్టకు పనికిరాదు. గోదావరి లంకల బలం ఇక్కడే అర్థమవుతుంది. ఏటా వరద వచ్చి కొత్త ఒండ్రు పరుస్తుంది, పాత ఉప్పును కడిగి పట్టుకుపోతుంది. వరద తీశాక నారు నాటుతారు. ఇసుక కలిసిన ఆ మెత్తటి నేలలో నీరు నిలవదు, వేరుకు ఊపిరి ఆడుతుంది. చుట్ట చివరన నుసి తెల్లగా, పొరలు పొరలుగా నిలిచిందంటే దాని వెనక ఆకులోని కాల్షియం, మెగ్నీషియం ఉన్నాయి. నిప్పు ఆరకుండా నడిచిందంటే పొటాషియం ఉంది.

నేల ప్రభావం ఇంత ఉంటుందా, ఇది అమ్మకందార్ల మాట కాదా అని సందేహించేవారు తాండూరు కందిని చూడవచ్చు. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కంది తెలంగాణలో ఎన్నో చోట్ల పండుతుంది. పక్కనే కలబురగి కందిపప్పుకు 2019లోనే గుర్తింపు ఉంది. అయినా తాండూరు గింజకు వేరే పేరు దక్కిందంటే, ఆ ప్రాంతపు లోతైన నల్లరేగడి, అందులో విస్తారంగా ఉన్న అట్టపల్గైట్ అనే బంకమట్టి ఖనిజం, అడుగునున్న సున్నపురాయి నిక్షేపాలు దానికి ఆధారాలుగా నిలిచాయి. తాండూరు నాపరాళ్లు ఇళ్లలో పరుచుకునే మనకు ఆ సున్నపురాయి కొత్తది కాదు. ఇంటి ముందు బండగా పరిచిన రాయి జాతే పొలం అడుగున ఉండి పప్పు గుణాన్ని మలుస్తుందని గుర్తింపు పత్రమే ఒప్పుకుంది. పప్పు విషయంలో ఒప్పుకున్నదాన్ని ఆకు విషయంలో కాదనడానికి కారణం లేదు. పైగా ఆకు విషయంలో మనకు ఇంకా సూటి అయిన రుజువు ఉంది. వర్జీనియా పొగాకునే ప్రకాశం, గుంటూరు వైపు నల్లరేగడిలో పండిస్తే సువాసన అంతగా లేని, మిశ్రమాల్లో కలుపుకునే ఆకు వస్తుంది; జంగారెడ్డిగూడెం వైపు ఉత్తర తేలిక నేలల్లో పండిస్తే వాసన గల ఆకు వస్తుంది. జాతి ఒకటే, రాష్ట్రం ఒకటే. తేడా ప్రధానంగా నేల పెట్టిందే. తాండూరు రేగడి కందికి వరమైనంత మాత్రాన చుట్ట ఆకుకు వరమవుతుందని అనుకోకూడదు. నీటిని పట్టి ఉంచే గుణం వర్షాధార కందిని కాపాడుతుంది, చుట్ట పొగాకుకు మాత్రం ఆ గుణం భారమే.

నేల తరవాతి మాట ఆరబెట్టడం. సిగరెట్టుకు పోయే వర్జీనియా ఆకును బ్యారన్‌లో వేడి గాలితో కొద్ది రోజుల్లో ఆరబెడతారు. అందులో చక్కెర నిలిచిపోతుంది, పొగ కొంచెం ఆమ్ల గుణంతో ఉంటుంది. చుట్ట ఆకుకు ఆ తొందర పనికిరాదు. నీడన, గాలి ఆడే పాకల్లో వారాల తరబడి వేలాడాలి. ఆకు నెమ్మదిగా చచ్చిపోతూ తన చక్కెరను తానే ఖర్చు పెట్టుకుంటుంది, పచ్చ రంగు పసుపుకూ, పసుపు గోధుమకూ మారుతుంది. తొందరపడి ఎండలో వేస్తే పచ్చ రంగు లోపలే బిగుసుకుపోతుంది, కాల్చినప్పుడు పసరు వాసన వేస్తుంది. ఆ పసరు వాసన ఎంత మగ్గబెట్టినా పూర్తిగా పోదు. ఒక చుట్టను ముక్కు దగ్గర పెట్టగానే ఎండుగడ్డి వాసన కాక పచ్చిగడ్డి వాసన వచ్చిందంటే పరీక్షకుడికి మిగతా కథ చాలావరకు తెలిసిపోయినట్టే.

అన్నిటికంటే కీలకం మగ్గబెట్టడం. ఆకును పదును మీద, అంటే విరగకుండా వంగేంత తేమతో కుప్ప పేరుస్తారు. కుప్ప లోపల దానంతటదే వేడి పుడుతుంది. రకాన్ని బట్టి అది 40 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. వేడి హద్దు దాటకముందే కుప్పను విప్పి, పైది లోపలికీ లోపలిది పైకీ తిరగేసి మళ్లీ పేర్చాలి. ఈ వేడిలో అమ్మోనియా ఘాటుగా బయటికి పోతుంది, మిగిలిన చక్కెర కరుగుతుంది, నికోటిన్ కొంత తగ్గుతుంది, ఆకు రంగు సమమవుతుంది. క్యూబాలోని పినార్ దెల్ రియోలో చేసేదీ ఇదే పని. తేడా సమయంలోనూ తిరగేతల లెక్కలోనూ ఉంది. అక్కడ ఘాటైన పై ఆకులకు ఎక్కువ కాలం ఇస్తారు. మొక్క కింది ఆకులు బాగా కాలతాయి, నడుమ ఆకులు వాసననిస్తాయి, తల దగ్గరి ఆకులు ఘాటునిస్తాయి. పూమొగ్గ తుంచి, పిలకలు తీసేస్తే మొక్క బలమంతా ఆకుల్లోకి మళ్లి ఈ ఘాటు ఇంకా పెరుగుతుంది. ఈ ఆకులను వేరువేరుగా మగ్గబెట్టి, కావలసిన పాళ్లలో కలపడమే మేలురకం సిగార్ రహస్యం. సగం మగ్గిన ఆకు చుట్టలో కళ్లు మండిస్తుంది, గొంతు పట్టేస్తుంది. దాన్నే కొందరు ‘మంచి ఘాటు’ అని మెచ్చుకుంటారు. అది ఘాటు కాదు, పోవలసిన అమ్మోనియా పోకపోవడం. మన దగ్గర చుట్టకు వచ్చిన చెడ్డపేరులో సగం ఈ లోపానిదే అని నా నిశ్చితాభిప్రాయం.

ఇక చుట్టే పని. సిగార్‌లో మూడు భాగాలు: లోపల నిండుగా పోసే ఆకు, దాన్ని పట్టి ఉంచే కట్టు ఆకు, అందం కోసమూ మొదటి రుచి కోసమూ పైన చుట్టే ఆకు. పై ఆకుకు మచ్చలు, లావు ఈనెలు ఉండకూడదు. క్యూబాలో దాన్ని పలుచటి గుడ్డ పందిళ్ల కింద ఎండ తగ్గించి పెంచుతారు. లోపలి ఆకు కొస నుంచి కొస దాకా పొడుగ్గా ఉండాలి. తునకలు పోస్తే పొగ వేడెక్కి నుసి రాలిపోతుంది. మడతల మధ్య గాలి దారి మిగిలేలా ఆకును మడిచి పేర్చడమే చెయ్యి తిరిగినతనం. మరీ బిగిస్తే దమ్ము అందదు, వదులైతే గాలి ఎక్కువై పొగ కాకపుట్టి చేదెక్కుతుంది. ఈ బిగువును కొలవడానికి పరికరాలు ఉన్నాయి. గాలి పీల్చినప్పుడు ఎదురయ్యే ఒత్తిడిని నీటిమట్టం మిల్లీమీటర్లలో చెబుతాయి. రుచి మీద వాదించేవారు కూడా ఈ అంకె మీద వాదించలేరు.

పరీక్ష ఇలా సాగుతుంది. ముందు చూపు: పై ఆకు రంగు కొసల దాకా ఒకటిగా ఉందా, నూనె మెరుపు ఉందా, సూది మొన లాంటి కన్నాలున్నాయా. ఆ కన్నాలు పొగాకు పురుగు తొలిచినవి. వేడిలో వేగంగా పెరిగే ఆ పురుగు మన ఎండాకాలంలో నిల్వలకు పెద్ద శత్రువు. తరవాత వేలు: కొస నుంచి కొసకు నొక్కుకుంటూ పోతే గట్టి ముడులూ బోలు చోట్లూ తెలుస్తాయి. చిటపటమంటే ఎండిపోయింది, నొక్కిన చోట గుంట నిలిస్తే తడి ఎక్కువైంది. 65 నుంచి 70 శాతం తేమ ఉన్న గాలిలో నిల్వ చేస్తే ఈ రెండు తప్పులూ రావు. వేసవిలో తాండూరు గాలిలాంటి పొడిగాలికి వదిలేస్తే ఎంత ఖరీదైన సిగార్ అయినా కొద్ది రోజుల్లోనే పదును కోల్పోతుంది. అప్పుడు లోపం ఆకుది కాదు, దాచినవాడిది. తీర్పు రాసేవారు ఈ రెంటినీ వేరు చెయ్యాలి. ఆపైన వెలిగించకుండానే వాసన చూడడం, ఒక దమ్ము చల్లగా లాగడం. వెలిగించాక నిమిషానికి ఒక దమ్ము చాలు. నిప్పు అంచు గుండ్రంగా సమంగా పాకుతోందా, ఒక పక్కకు ఒరుగుతోందా అన్నది చుట్టిన చేతికీ ఆకు తేమకూ పరీక్ష. పొగను మింగరు, నోట్లో తిప్పి, కొంత ముక్కు గుండా వదులుతారు. మట్టి, మిరియం, తోలు, కాఫీ, ఎండుగడ్డి అని చెప్పే రుచులు నాలుకవి కావు, ముక్కువి; నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు లాంటి కొద్ది సంగతులే. మొదటి మూడో వంతు, నడిమి వంతు, చివరి వంతు వేరువేరుగా రాసుకోవాలి. కాలేకొద్దీ తారు, తేమ మిగిలిన ఆకులోకి చేరి ఘాటు పెరుగుతుంది. మేలురకంలో ఆ పెరుగుదల మెట్టు మెట్టుగా ఉంటుంది, నాసిరకంలో నడుమ దాటగానే చేదు విరుచుకుపడుతుంది. ఘాటు, నిండుదనం, వాసన మూడూ వేరు. ఘాటు నికోటిన్‌ది. నిండుదనం పొగ నోట్లో బరువుగా ఉన్నట్టు అనిపించడం. వాసన వీటి రెంటితో సంబంధం లేకుండా ఉండవచ్చు. ఈ మూడింటినీ ఒకటిగా కలిపేసి ‘బలంగా ఉంది, బాగుంది’ అనడం పరీక్షకుడు చేయగల అతి పెద్ద పొరపాటు.

ఇంత చెప్పినా రుచి మనిషికో తీరు అనే అభ్యంతరం మిగిలే ఉంటుంది. మిరియం ఇష్టమా, తీపి ఇష్టమా అన్నంతవరకు అది నిజం. అయితే నిప్పు ఆరిపోవడం, పసరు వాసన, అమ్మోనియా మంట, పురుగు కన్నం ఎవరి ఇష్టాయిష్టాల మీదా ఆధారపడవు. మిగిలిన భాగంలో పక్షపాతం తగ్గించడానికే పేరు కాగితం తీసేసి, అంకె మాత్రమే చూపి పరీక్షించే పద్ధతి వచ్చింది. 1992లో మొదలైన అమెరికా పత్రిక ‘సిగార్ అఫిషియోనాడో’ ఈ పద్ధతిలో నూటికి మార్కులు వేస్తుంది. నూటికి తొంభై ఒకటి, తొంభై రెండు మధ్య తేడా నిజంగా ఎవరికైనా తెలుస్తుందా అంటే, తెలుస్తుందని నేను నమ్మను. అంకె ఇచ్చే కచ్చితత్వం నోటికి లేదు. దమ్ము, కాలడం, వాసన, ముగింపు విడివిడిగా రాసిన నాలుగు వాక్యాలు ఆ అంకె కంటే కొనేవాడికీ పండించినవాడికీ ఎక్కువ చెబుతాయి.

మరో అభ్యంతరం: లంక చుట్టను మేలురకం సిగార్ పక్కన నిలబెట్టడం అతిశయం కాదా? అమెరికా న్యాయస్థానాల్లోనూ, 2022లో అక్కడి జాతీయ అకాడమీల నివేదికలోనూ వాడిన నిర్వచనం చూద్దాం. పై ఆకు నిండు పొగాకు ఆకై ఉండాలి, కట్టు కూడా ఆకే కావాలి, లోపల కనీసం సగం బరువు పొడుగు ఆకు ఉండాలి, చేత్తో చుట్టాలి, వడపోత గొట్టం ఉండకూడదు, పొగాకు రుచి తప్ప వేరే రుచి కలపకూడదు, వెయ్యింటి బరువు 6 పౌండ్లు, అంటే సుమారు 2.7 కిలోలు మించాలి. చేత్తో చుట్టిన మంచి లంక చుట్ట ఇందులో చాలా షరతులు దాటగలదు. అది వెనకబడేది ప్రధానంగా కట్టు ఆకు దగ్గర, మగ్గబెట్టే ఓపిక దగ్గర, పదునుగా దాచడం దగ్గర. తమిళనాడులోని దిండిగల్ దగ్గర వేడసందూరులో సిగార్, చుట్ట పొగాకు కోసమే 1948లో పరిశోధన కేంద్రం పెట్టారు. దాని మాతృసంస్థ అంతకు ఏడాది ముందే మన రాజమండ్రిలో మొదలైంది. నేలా విద్యా రెండూ దగ్గరే ఉన్నాయి. మేలు చుట్టకు గిరాకీ నిలవకపోవడం వల్ల ఆ ఓపికకు ధర దక్కలేదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం ఆరోగ్యానిది. మనిషికి హాని చేసే వస్తువులో మంచీ చెడూ వెతకడం తగునా? ఈ ప్రశ్నను పక్కకు నెట్టకూడదు, ఎందుకంటే ఈ వ్యాసంలో మెచ్చుకున్న గుణాలే హానికి దారులు. నీడన ఆరి మగ్గిన ఆకు పొగ క్షార గుణంతో ఉంటుంది. అందుకే ఊపిరితిత్తుల్లోకి లాగకపోయినా నికోటిన్ నోటి పొర గుండా రక్తంలోకి చేరుతుంది. మగ్గేటప్పుడు ఆకులోని నైట్రేట్ మారి, క్యాన్సర్ కారకాలైన నైట్రోసమైన్లు పుడతాయి. పెద్ద సిగార్ ఒక్కదానిలో ఒక సిగరెట్ పెట్టెకు సరిపడా పొగాకు ఉండవచ్చు. శ్రీకాకుళం, విశాఖ తీరంలో, ముఖ్యంగా స్త్రీలలో, నిప్పు కొసను నోట్లో పెట్టుకునే అడ్డపొగ అలవాటు ఉంది. దాని వల్ల అంగిట్లో వచ్చే మచ్చల మీద 10,169 మంది గ్రామస్థులను పరీక్షించిన అధ్యయనం 1971లో వెలువడింది. అంగిటి క్యాన్సర్ విషయంలో ప్రపంచ వైద్యశాస్త్రం ఇప్పటికీ ఆ పల్లెలనే ఉదాహరణగా చెబుతుంది. నిజాం కాలంలో వికారాబాద్ పక్కన అనంతగిరి గుట్టల్లో క్షయ రోగుల కోసం ఆసుపత్రి కట్టింది అక్కడి గాలి కోసం. పొగ తాగేవారికి క్షయ సోకే ముప్పూ ముదిరే ముప్పూ ఎక్కువని తేలిన తరవాత, ఆ గాలి విలువ ఇంకా స్పష్టమైంది. నాణ్యత పెరిగితే హాని తగ్గుతుందని ఎవరైనా అంటే అది అబద్ధం. తెల్లటి నుసి మంచి కాలుడుకు గుర్తు, మంచి ఆరోగ్యానికి గుర్తు కాదు.

మరి నాణ్యత పరీక్ష ఎందుకంటే, ఆకు పండించిన రైతుకు దక్కే ధర దాని మీద ఆధారపడుతుంది గనక. 1976లో గుంటూరు కేంద్రంగా ఏర్పడ్డ పొగాకు బోర్డు నడిపే వేలం కేంద్రాల అండ వర్జీనియా రైతుకు ఉంది. నాటు, లంక, బర్లీ ఆకు పండించేవారికి ఆ అండ లేదు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో నల్ల బర్లీ ధర పడిపోయినప్పుడు ప్రభుత్వం మార్క్‌ఫెడ్ చేత కొనిపించాల్సి వచ్చింది. వేలం లేని చోట వ్యాపారి చేతి నొక్కు, ముక్కు పుటమే తీర్పు. దానికి కారణం అడిగే వీలు రైతుకు ఉండదు. క్లోరిన్ శాతం, నిప్పు నిలిచే సమయం, అమ్మోనియా మిగులు ఏ ప్రయోగశాలలోనైనా కొలవదగ్గవే. ఈ అంకెలు కాగితం మీద ఉంటే ‘కాలుడు బాగాలేదు’ అని ధర తగ్గించే మాటకు రైతు ఎదురు చెప్పగలడు. నైట్రోసమైన్ల మోతాదును కూడా ప్రయోగశాలలు కొలవగలవు. ఆ అంకె అదే కాగితం మీద, మిగతావాటి పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో ఉండాలి.